అమెరికా అమ్మవారికి బొట్టు

ఆ రోజుల్లో అలసట నా ఉద్యోగంలో ఒక భాగం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగమే నా అలసటలో ఒక భాగం అయిపోయింది కాబట్టి, అప్పటి అలసట తలుచుకుంటే కాస్త ముచ్చటగా కూడా ఉంటుంది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. సింగపూరు సైన్స్ పార్కులో లోహాలు పరీక్ష చేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. (ఇంజనీరు అనేది కాకినాడలో మా అమ్మ చెప్పుకునే మాట. నేను చేసేది ఎక్కడెక్కడి బోల్టులో, పైపు ముక్కలో తెచ్చి మిషన్ కింద పెట్టడం, మిషన్ చెప్పింది కాగితం మీద రాయడం.) టోవా పాయోలో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. పొద్దున్న ట్రైన్‌లో నిలబడి వెళ్ళేవాణ్ణి, సాయంత్రం ట్రైన్‌లో నిలబడి వచ్చేవాణ్ణి. ఆరు రోజులు అలా నిలబడ్డాక ఏడో రోజు ఎక్కడైనా కాసేపు కూర్చుందామన్న కోరిక తప్ప నాకు జీవితంలో పెద్ద ఆశయాలేమీ ఉండేవి కావు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను పాత నాణేల పిచ్చిలో పడింది చరిత్ర మీద ప్రేమతో కాదు, ఒక స్టూలు వల్ల.

ఒక ఆదివారం వాన తప్పించుకోవడానికి ఊరి మధ్యలో ఉన్న పాత షాపింగ్ కాంప్లెక్స్‌లోకి దూరాను. రెండో అంతస్తులో సగం దుకాణాలు మూతపడి ఉన్నాయి. తెరిచి ఉన్నవాటిలో ఒకటి నాణేల దుకాణం. మా ఆంటీ వంటగది దానికంటే పెద్దది. లోపల చల్లగా ఏసీ, ఒక గాజు బల్ల, బల్ల ముందు ఒక స్టూలు, బల్ల వెనక డెబ్బై దాటిన చైనీస్ పెద్దాయన. ఆయన కుడికంటికి ఎప్పుడూ ఒక భూతద్దం అతుక్కుని ఉండేది. అందుకని నేను ఆయనకి లెన్సు అంకుల్ అని పేరు పెట్టుకున్నాను. (మనసులోనే. పైకి అంకుల్ అంటే చాలు, ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అంకుళ్ళే.) స్టూలు మీద కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే బాగుండదని, గాజు కింద కనిపించిన మొదటి వస్తువు మీదికి వేలు పెట్టి "అదేమిటి అంకుల్?" అన్నాను. ఆ ప్రశ్నకి ఆయన జవాబు చెప్పడం మొదలుపెట్టి, పూర్తి చెయ్యడానికి మూడేళ్ళు తీసుకున్నారు.

"ఇది గవర్నమెంటు చెయ్యలేదు లా," అన్నారాయన. (ఆయన మాట్లాడేది సింగపూరు ఇంగ్లీషు. నేను తెలుగులో చెప్తున్నాను గానీ, చివర 'లా' మాత్రం ఆయనదే.) అది అమెరికా బంగారు నాణెం. కాలిఫోర్నియా నదుల్లో బంగారం బయటపడి జనం వేలంవెర్రిగా ఎగబడిన కాలంలో, అక్కడ బంగారం ఉందిగానీ డబ్బు లేదట. సర్కారువారి టంకశాల దేశానికి ఆ చివర ఉంది. భోజనానికి వెళ్ళినా, చొక్కా కొన్నా, బంగారు పొడి చిటికెడు తీసి ఇవ్వడమే. దాంతో అక్కడి కంసాలులూ, బంగారం పరీక్ష చేసేవాళ్ళూ తలా ఒక అచ్చు చేయించుకుని ఎవరి నాణేలు వాళ్ళే కొట్టుకున్నారు. గుండ్రటివి కొన్ని, ఎనిమిది పలకలవి కొన్ని, చొక్కా గుండీ కంటే చిన్నవి కొన్ని. ఈ దేశంలో పనిచెయ్యనిచ్చే వర్క్ పాస్ మీద ముద్ర, గది అద్దె కాగితం మీద ముద్ర, సెలవు చీటీ మీద మేనేజరు ముద్ర, ఇలా ముద్రల మధ్య బతుకుతున్న నాకు, ఎవర్నీ అడక్కుండా తమ డబ్బు తామే అచ్చేసుకున్న మనుషులంటే ఎంతో నచ్చేశారు. స్టూలు కూడా నచ్చింది. ప్రతి ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టాను.

సేకరణ అంటే ఇంత ఆయాసమని అప్పుడు తెలియదు. ట్రైన్‌లో నిలబడి కేటలాగులు చదివేవాణ్ణి. మధ్యాహ్నం తిండికొట్ల హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి (అంటే ఆ టేబుల్ నాదని ఖాయం చేసుకుని), అన్నం తెచ్చుకునే లోపు ఫోనులో వేలంపాటలు చూసేవాణ్ణి. అన్నం చల్లారిపోయేది, పాట ఇంకెవరో పాడేసుకునేవారు. చివరికి ఒక ఎనిమిది పలకల బిళ్ళ నాకు దక్కింది. ఒకవైపు అమెరికావాళ్ళ స్వేచ్ఛాదేవి తల, రెండోవైపు ముద్దుగా ఒక ఎలుగుబంటి. ఒక నెల బయట భోజనం మానేసి కొన్న ఆ బిళ్ళని, పెళ్ళికూతుర్ని తీసుకొచ్చినట్టు తీసుకొచ్చి అంకుల్ ముందు పెట్టాను. ఆయన లెన్సు పెట్టి ఒక్క క్షణం చూశారు. "చాలా బాగుంది. తాళాల గుత్తికి," అన్నారు. అసలు నాణెం మీద దాని విలువ రాసి ఉంటుందట. విలువ రాయకుండా ఎలుగుబంటి బొమ్మేసినవి తర్వాత్తర్వాత వచ్చిన వాళ్ళకి అమ్మిన గుర్తుబిళ్ళలట. ఆ రోజు స్టూలు మీద కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు, అయినా కూర్చున్నాను.

అది చూసి జాలిపడ్డారో ఏమో, ఆయన కింది సొరుగులోంచి పాత మందుసీసా ఒకటి తీశారు. దూదిలో ఒక బిళ్ళ. అదీ ఎనిమిది పలకలదే. దేవి తలా, వెనక వైపు ఒక డాలరని విలువా ఉన్నాయిగానీ, అక్షరాల సందుల్లో నల్లగా మట్టి పట్టి, దేవి ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. వాళ్ళ ముత్తాత చైనాలోని పల్లెటూరి నుంచి ఓడెక్కి ఆ కాలిఫోర్నియాకే వెళ్ళాడట. వాళ్ళ భాషలో దాన్ని బంగారు కొండ అనేవారట. ఎన్నో ఏళ్ళు నదుల్లో మట్టి జల్లించి, చివరికి ఈ ఒక్క బిళ్ళతో తిరిగొచ్చి, తర్వాత సింగపూరు చేరాడట. "ఇది నిజమైనది కాదని నా స్నేహితులు నవ్వారు," అన్నారు అంకుల్. "ఇత్తడికి పూత పూసింది, మీ ముత్తాతని ఎవరో మోసం చేశారన్నారు. నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పట్నుంచి ఎవరికీ చూపించలేదు. తెలుసుకోవాలంటే భయం. ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, తెలుసుకోకుండా పోవాలంటే కూడా భయంగానే ఉంది లా."

ఇలాంటి సమయంలో నోరు మూసుకుని కూర్చునేవాడు తెలివైనవాడు. నేను "మా లాబ్‌లో మిషన్ ఉంది అంకుల్. గీయక్కర్లేదు, కొయ్యక్కర్లేదు, కింద పెడితే ఏ లోహం ఎంతుందో చెప్పేస్తుంది," అన్నాను.  ఆయన ఆ సీసా మూత బిగించి నా చేతిలో పెట్టారు. అంచులు పట్టుకోవాలి, మొహం మీద వేలు పెట్టకూడదు, దాని మీద ఊపిరి కూడా వదలకూడదు అని మూడుసార్లు చెప్పారు. కడగకూడదని మాత్రం చెప్పలేదు. గుళ్ళో విగ్రహం మీద కూర్చోకూడదని ఎవరూ బోర్డు పెట్టరు కదా, అలాగే ఆయనకీ చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మకి బంగారమంటే అది ముందు శుభ్రంగా ఉండాలి, తర్వాతే ఎంతుందన్న మాట. పెళ్ళికి వెళ్ళాలన్నా, నోముకి కూర్చోవాలన్నా, ఉన్న నాలుగు నగలూ కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో సందులన్నీ రుద్ది, గుడ్డమీద ఆరబెట్టేది. మట్టి పట్టిన బంగారం ఇంట్లో ఉంచితే లక్ష్మీదేవిని చెప్పులు విడిచేచోట కూర్చోబెట్టినట్టేనని ఆవిడ లెక్క. అటు మా లాబ్‌లో మొదటి నియమం: పరీక్షకి పెట్టే ముందు సాంపిల్ శుభ్రం చెయ్యాలి, లేకపోతే మిషన్ మురికిని కూడా లోహమనుకుంటుంది. అమ్మ చెప్పేదీ, మా కంపెనీ మాన్యువల్ చెప్పేదీ నా జీవితంలో ఆ ఒక్కసారే ఏకమయ్యాయి. నాకింక సందేహమేముంటుంది? తలంటుకి అమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిన కుంకుడుకాయలు ఉండనే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే గిన్నెలో రసం తీసి కూర్చున్నాను. మా ఆంటీ పుట్టింది మలేసియాలో. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన కుటుంబం. ఆవిడ తెలుగులో సగం తాతలదీ, మిగతాది అరవం, మలాయీ. "సుడా మకాన్ ఆ బాబూ?" అని రోజూ పలకరించినట్టే తిన్నావా అని అడుగుతూ వచ్చి, గిన్నెలోకి తొంగి చూసి ఆగిపోయింది.

"అలామాక్, బంగారమా ఇది? ఇలాగ నల్లగున్నాదేటి?"

"వేరేవాళ్ళది ఆంటీ. పరీక్ష చెయ్యమని ఇచ్చారు."

"ఎవులదయితే నేటి, ఇంటికొచ్చిన లచ్చిమి కాదేటి. బాగా తోము. ఆ ముక్కు సందులో తోము."

తోమాను. మట్టి కరిగి గిన్నెలోకి నల్లగా దిగుతుంటే నాకెంత తృప్తిగా ఉందో చెప్పలేను. వంద సంవత్సరాలకి పైబడిన మురికి పది నిమిషాల్లో వదిలింది. దేవికి ముక్కొచ్చింది, జుట్టొచ్చింది, చుట్టూ చుక్కలొచ్చాయి. తళతళా మెరిసిపోతున్న ఆ బిళ్ళని ఆంటీ అరచేతిలోకి తీసుకుని, "శుక్కురోరం కదా, ఉట్టినే పంపకూడదు," అని దేవుడి పటం ముందు పెట్టి, పసుపు చల్లి, కుంకుమ తీసి ఆ అమెరికా అమ్మవారి నుదుటి మీద చక్కగా బొట్టు పెట్టింది. నేను చెంపలు వేసుకున్నాను కూడా. (మా ఇంట్లో ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.)

మధ్యాహ్నం భోజనం మానేసి, బొట్టు తుడిచి, బిళ్ళని మిషన్ కింద పెట్టాను. చాలా వరకు బంగారం, మిగతాది వెండి, కాస్త రాగి. ఏటి మట్టిలో దొరికే బంగారం అలాగే ఉంటుంది. ఇత్తడీ కాదు, పూతా కాదు. కొంచెం కాల్షియం ఉందని కూడా మిషన్ చెప్పింది. అది ముత్తాతది కాదు, మా ఆంటీ కుంకుమలోని సున్నం. ఆ వరుస మాత్రం వదిలేసి, మిగతాదంతా కాగితం మీద అచ్చు తీసి, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. ఆదివారం దాకా ఆగడం నా వల్ల కాలేదు.

అంకుల్ నన్ను చూడగానే చేతులు తుడుచుకుని నిటారుగా కూర్చున్నారు. "బంగారమే అంకుల్," అన్నాను, కూర్చోకముందే. ఆయన లెన్సు తీసి బల్లమీద పెట్టారు.  "అయితే ఆయన మోసపోలేదు," అన్నారు మెల్లగా. ఇంకోసారి అదే మాట అన్నారు.  ఆ క్షణంలో నేను లేచి ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ అక్కడితో మంగళకరంగా ముగిసేది. కానీ సీసా బల్లమీద ఉంది. ఆయన దూది విప్పారు.

"ఇది ఎవరిది?"

"మీదే అంకుల్."

"నాది నల్లగా ఉంటుంది."

"కడిగాను."

ఆయన లెన్సు మళ్ళీ కంటికి పెట్టుకున్నారు. దుకాణంలో ఏసీ చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"దేంతో?"

కుంకుడుకాయని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. "ఒక కాయ అంకుల్. జుట్టుకి వాడతాం."

"మా ముత్తాతకి షాంపూ పెట్టావా," అన్నారు ఆయన. అడుగుతున్నట్టు లేదు, రాసుకుంటున్నట్టు ఉంది. ఇంకాసేపు చూసి, "ఈవిడ నుదుటి మీద ఈ ఎరుపేమిటి?"

"బొట్టు."

"ఎందుకు?"

"శుక్రవారం," అన్నాను. నా జీవితంలో నేను ఇచ్చిన వివరణలన్నిటిలోకీ చిన్నది అదే.

కోప్పడితే బాగుండేది. ఆయన కోప్పడలేదు. పాత నాణేన్ని కడిగితే దాని వయసు పోతుందనీ, పైపొరంతా గీతలు పడతాయనీ, సేకరించేవాళ్ళు ఇక దాని మొహం చూడరనీ విడమరిచి చెప్పారు. అది ఆయన అమ్మే వస్తువు కాదు కాబట్టి ఆ బాధ పెద్దది కాదన్నారు. "కానీ ఆ నలుపు ఉంది చూశావా, అది ముత్తాత బొటనవేలు. తర్వాత మా తాతది, తర్వాత మా నాన్నది. వాళ్ళెవరికీ అంచు పట్టుకోవడం తెలియదు లా. నేను నేర్చుకున్నాను కాబట్టి నలభై ఏళ్ళుగా ముట్టుకోలేదు. వాళ్ళది చెరిగిపోతుందని." నాకు స్టూలు కిందికి దూరిపోవాలనిపించింది. గిన్నెలో నల్లటి నీళ్ళు కళ్ళముందు కదిలాయి. వాటిని నేను వంటగది సింకులో పారబోశాను, పైగా సంతోషంగా.

బిళ్ళ కొనుక్కుంటానన్నాను, ఏదైనా చేస్తానన్నాను. ఆయన సీసా పక్కకి పెట్టి, ఒట్టి బిళ్ళని నా అరచేతిలో వేశారు. "మోసుకు తిరుగు. ప్యాంటు జేబులో. ఆఫీసుకి, ట్రైన్‌కి, అన్నిచోట్లకీ. మురికి మళ్ళీ పట్టేదాకా. నెలకోసారి తెచ్చి చూపించు." ఇలాంటి శిక్ష ఏ కోర్టులోనూ లేదు. నేను ఒప్పుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళు నా కుడిచెయ్యి జేబులోనే ఉంది. ట్రైన్‌లో ప్రతి స్టేషన్‌కీ తడుముకునేవాణ్ణి, నా పక్కనున్నవాళ్ళు తమ పర్సులు తడుముకునేవారు. బట్టలు మిషన్‌లో వేసే ముందు ఆంటీ "బాబూ, అమ్మోరు జేబులో ఉన్నాదా, దిగిందా?" అని కేకేసి మరీ వేసేది. ఒకసారి కాఫీ కొట్లో చిల్లరతోపాటు ఇచ్చేశాను. ఆ కొట్టావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి "దిస్ వన్ కెనాట్," (ఇది చెల్లదు) అని వెనక్కి నెట్టింది. ముత్తాత ప్రాణాలొడ్డి తెచ్చిన బంగారం ఆ దేశంలో కప్పు కాఫీకి చెల్లలేదు, ఆ రోజు దాని మీదున్న దేవిని చూసి నాకు నా వర్క్ పాస్ గుర్తొచ్చింది, ఆవిడా నాలాగే ఇక్కడ పరదేశి. నెలకోసారి అంకుల్ లెన్సు పెట్టి చూసేవారు. "ఇంకా మెరుస్తోంది. నువ్వు సరిగ్గా పని చెయ్యడం లేదా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. అంత నిలబడి, అంత చెమటోడ్చి, ఎండలో ట్రైన్ నుంచి ఆఫీసుదాకా నడిచి వచ్చినవాణ్ణి పట్టుకుని అనే మాటేనా అది? రెండో ఏడు మా కంపెనీలో ఇద్దర్ని తీసేసి వాళ్ళ పని కూడా నాకే ఇచ్చారు. ఇంటికొచ్చి షూ విప్పకుండానే కూర్చున్నచోటే నిద్రపోయేవాణ్ణి. ఆ ఏడు చివర్లో అంకుల్ బిళ్ళని లైటు కింద తిప్పి, "ఆఁ, ఇప్పుడొస్తోంది," అన్నారు. నా అలసట ఎవరికైనా పనికొచ్చిందని విన్నది అదే మొదటిసారి. ఆశ్చర్యంగా, నాకు సంతోషమేసింది.

తర్వాత ఆ కాంప్లెక్స్ కూలగొడతారని నోటీసులు అంటించారు. అంకుల్ దుకాణం మూసేసి, పెర్త్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నారు. ఆఖరి ఆదివారం వెళ్ళేసరికి గాజుబల్ల ఖాళీ. లెన్సు కూడా ఏ పెట్టెలోనో సర్దేశారట. బిళ్ళని అంచులు పట్టుకుని ఇచ్చాను. ఆయన కళ్ళకి దగ్గరగా తెచ్చుకుని చూశారు, దూరంగా పెట్టి చూశారు. తర్వాత నేను ఎన్నడూ చూస్తాననుకోని పని చేశారు. బొటనవేలు దేవి మొహం మీద ఆనించి, నెమ్మదిగా, గట్టిగా, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకసారి రుద్దారు. "కెన్ లా," అన్నారు, ఇంక ఫర్వాలేదన్నట్టు. బిళ్ళని నా చేతిలోనే పెట్టి నా వేళ్ళు మూసేశారు.

"అంకుల్, ఇది మీది."

"నేను రిటైరయ్యాను. నాకింక చెమట పట్టదు. నువ్వింకా పనికి వెళ్తావు కదా," అన్నారు. "స్టూలు కూడా పట్టుకుపో. నువ్వు మొదటిరోజు వచ్చింది దాని కోసమేనని నాకు తెలుసు లా."

ఆ స్టూలు మోసుకుని ప్లాట్‌ఫారం దాకా వచ్చి, దాని మీదే కూర్చుని, రెండు ట్రైన్లు వదిలేశాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. కంపెనీ మారింది, సైన్స్ పార్కు మారలేదు. ట్రైన్‌లో ఇప్పుడు ఎవరైనా లేచి నాకు సీటిస్తారేమోనని భయంగా ఉంటోంది. నాణేలు సేకరించడం ఎప్పుడో మానేశాను. నా దగ్గర మిగిలినవి ఎలుగుబంటి ఉన్నదొకటి, అది తాళాల గుత్తికి వేలాడుతోంది. జేబులో ఉన్నది ఇంకొకటి. మొన్న షూ విప్పుకుంటూ అదే స్టూలు మీద కూర్చున్నప్పుడు, జేబులో ఉన్నవన్నీ తీసి బల్లమీద పోస్తే, మా అమ్మాయి దాన్ని ఏరి పట్టుకుంది. "నాన్నా, సో డర్టీ లా. ఐ వాష్ ఫర్ యూ, కెన్?" అంది. ఆ గొంతులో, గిన్నె ముందు కూర్చుని టూత్‌బ్రష్ పట్టుకున్న ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు వినిపించాడు. ఏ మురికైనా పది నిమిషాల్లో వదిలిపోతుందనీ, వదిలిపోవడమే మంచిదనీ ఎంత నమ్మకంగా ఉండేవాడో పాపం. వాడి మీద నవ్వొచ్చింది, కొంచెం బెంగ కూడా వేసింది.

"వద్దమ్మా," అన్నాను. "అది అంతే ఉండాలి." మా అమ్మాయి ఎందుకని అడగలేదు. ఏదో ఆలోచిస్తూ, బొటనవేలితో దేవి మొహాన్ని అదేపనిగా రుద్దుతూ కూర్చుంది. అంచులు పట్టుకోమని చెప్పబోయి, ఊరుకున్నాను.